పడితే మ్యాచ్‌లోనే పడాలి

2023లో నేను మలేషియాలో, జార్జ్ టౌన్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజియోథెరపిస్టుని. ఆటగాళ్ళ మోకాళ్ళు, మడమలు, భుజాలు చూడడం నా పని. ఎవరు ఆడొచ్చో, ఎవరు ఆడకూడదో నేనే చెప్పాలి. నా మాట మీద ఎంతమంది చదువు ఆధారపడి ఉందో అప్పటికి నాకు సరిగా తెలియదు.

ఆ రోజు వచ్చిన అమ్మాయి పేరు లలిత. ఊరు హుటాన్ మెలింటాంగ్, నాన్న పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. నాది దానికి దగ్గర్లోని తెలుక్ ఇంటాన్. ఇద్దరం తెలుగువాళ్ళమే కాబట్టి మొదటి నుంచీ నన్ను అక్కా అనే పిలిచేది. సెపాక్ తక్రా అంటే నెట్‌కి అటూ ఇటూ నిలబడి కాళ్ళతో బంతిని తన్నే ఆట. అందులో గాల్లోకి లేచి కొట్టే పిల్ల తను. ఫీజు మాఫీ, హాస్టలు, నెలనెలా చేతిఖర్చు, అన్నీ ఆ ఆట మీదే.

ఎడమ మోకాలికి పట్టీ వేసుకుని వచ్చింది.

"కుంటతన్నానని కోచ్ పంపినాడక్కా. ఎడమది కొంచెం పట్టేసింది, అంతే లా. ఫిట్ అని సెప్పేయండి." మాట చివర 'లా' తగిలించడం మలేషియాలో అందరికీ అలవాటే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. నొప్పి ఉన్న కాలిని ముందు ముట్టుకోం. బాగున్న కాలు ఎంత కదులుతుందో చూసుకుంటేనే రెండోదానిలో తేడా తెలుస్తుంది. అందుకని కుడి మోకాలు పట్టుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"అది కాదక్కా, ఇది."

"తెలుసులే, పడుకో."

తొడను ఒక చేత్తో బిగించి, మోకాలి కింది ఎముకను రెండో చేత్తో ముందుకు లాగాను. దీన్ని లాక్‌మన్ టెస్ట్ అంటారు. లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ బాగుంటే ఎముక ఠక్కున ఆగాలి. ఆగలేదు, జారుకుంటూ వచ్చేసింది. లిగమెంట్ తెగిపోయింది. పట్టీ విప్పి ఎడమది చూస్తే అది శుభ్రంగా ఉంది.

"ఏటి లలితా ఇది? బాగున్న కాలికి పట్టీ కట్టుకొచ్చినావా?" ఒళ్ళు మండిపోయింది నాకు. "ఈ కాలుతో ఎగిరితే మిగిలిందీ పోతాది. జన్మంతా కుంటుకుంటూ తిరుగుతావా?"

ఆమె ఏడవలేదు. లేచి కూర్చుంది.

"ప్రాక్టీసులో పడినానక్కా. అక్కడ పడితే ఇన్సూరెన్స్ రాదు. జట్టులోంచి తీసేస్తారు, స్కాలర్‌షిప్ పోతాది. మ్యాచ్‌లో పడితే ఆపరేషన్ ఆళ్ళే సేయిస్తారు, సీటూ ఉంటాది. శనివారం మ్యాచ్ ఉంది. మొదటి సెట్‌లోనే పడిపోదామనుకున్నాను."

నా ముందున్న పిల్ల తెగిపోయిన మోకాలితో ఎగిరి, అందరూ చూస్తుండగా కావాలని పడాలనుకుంటోంది.

"ఎవరు నేర్పినారు నీకిది?"

"సీనియర్లు ఇదే సేసినారక్కా."

"వేరే కాలేజీకి మారిపో."

"మారితే ఏడాది ఆడనివ్వరు. ఆడనిదానికి సీటు ఎవరిస్తారు? ఒక్క శనివారం అక్కా."

ఫిట్ అని నేను చెప్పలేదు. నేరుగా స్పోర్ట్స్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా చెప్పి, ఆ పిల్ల సీటు కాపాడమని అడిగాను. చెడ్డవాడేం కాదు. అంతా విని నిట్టూర్చి, "పాపం. మ్యాచ్‌లో పడి ఉంటే ఎంత బాగుండేది లా," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే బాధపడుతున్నాడు. లలిత మాటలు విన్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ దిమ్మతిరిగింది. చిన్నపిల్ల పిచ్చి ఆలోచన అనుకున్నాను నేను. ఆమె రూల్‌ని ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకుంది, అంతే. రోజూ చేసేది ప్రాక్టీసు, ఎప్పుడో ఆడేది మ్యాచ్. దెబ్బలు ఎక్కడ తగులుతాయో ఆ రూల్ రాసినవాళ్ళకు తెలియదా? గట్టిగానే అడిగాను. మీటింగ్‌లో పెడతామన్నారు. ఇంకా పెడుతూనే ఉన్నారు.

లలితను జట్టులోంచి తీసేశారు. ఆ సెమిస్టర్ అయ్యాక ఊరికి వెళ్ళిపోయింది. గవర్నమెంటు ఆస్పత్రిలో వంతు వచ్చేదాకా ఆగి ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ఊళ్ళో ఫోన్ల షాపులో పనిచేస్తోంది. మొన్నామధ్య ఫోన్ చేసింది.

"కాలు బాగుందక్కా. మెట్లు బాగానే దిగుతున్నాను. సదువే పోయింది."

నిష్ఠూరంగా అనలేదు.

ఫిట్ అని చెప్పకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఇదివరకు ఆటగాళ్ళు అబద్ధం చెబితే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు తలుపు మూసి, కాలు చూడకముందే ఒకటి అడుగుతాను: నిజం చెబితే నీకేం పోతుంది?