బాపు దగ్గు

"ఇంటికి తీసుకుపొండి" అన్నాడు డాక్టరు. ఏ ఇంటికి అని అడగబోయి నోరు మూసుకున్నాను.

బాపు మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ మాకొక క్వార్టరుండేది. ఆ వరుసలో మరాఠీ వాళ్లు, ఉర్దూ వాళ్లు, ఆసిఫాబాద్ అడవుల నుంచి వచ్చినవాళ్లు, అందరం ఒక్క నల్లా దగ్గరే కొట్లాడుకునేవాళ్లం. బాపు రిటైరయ్యాక తాళాలు ఇచ్చేశాం. నన్ను కన్న అవ్వ అప్పటికే పోయింది. ఇప్పుడు కరీంనగర్‌లో, బట్టల దుకాణంలో పనిచేస్తూ నేను కిరాయికుంటున్న పై వాటానే మా ఇల్లు.

కిరాయి ఇంట్లో ప్రాణం పోకూడదు. పోతే ఇంటికి కీడు, నెలల తరబడి తాళం వేయాలంటారు. పోయిన వానాకాలం మా గల్లీ చివర కిరాయికున్నామె తల్లి ఆస్పత్రిలో చనిపోతే, ఓనరు శవాన్ని గేటు దాటనివ్వలేదు. రోడ్డు మీదే, వానలో, టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. థూ, ఇదీ ఒక పట్నమేనా అని తిట్టుకున్నాను. ఇక్కడ నాకు ఓటుంది, ఆధార్ కార్డు మీద ఈ గల్లీ పేరుంది. చావడానికి మాత్రం చాపంత జాగా లేదు.

అందుకే బాపు దగ్గినప్పుడల్లా టీవీ సౌండు పెంచేదాన్ని. కింద ఓనరమ్మ ఉంటుంది. చొప్పదండి దగ్గర పొలాలున్న పెద్దింటామె. ఇల్లిచ్చేముందు "మీరేంటోళ్లు?" అని కులం అడిగిన మనిషి. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినబడితే నా పైప్రాణాలు పైనే పోయేవి.

"గింత సౌండేందే? నా చెవులు పోతున్నై" అని బాపు మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత ఆయనకే అర్థమైంది.

"నా పానం పోయేటట్టుంటే గల్లీల మంచమెయ్యి బిడ్డా. లేకుంటే నిన్ను ఖాళీ చెయ్యమంటరు."

"నోర్మూస్కో బాపు!" అని అరిచి, బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

ఒకరోజు పొద్దున్నే ఆయనకు ఊపిరి అందలేదు. దగ్గే ఓపిక కూడా లేదు. ఆ కంగారులో టీవీ సంగతే మరిచిపోయాను. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు, తలుపు మీద దెబ్బ. తలుపు సగమే తీసి అడ్డంగా నిలబడ్డాను.

"పొద్దుగాల సంది టీవీ లేదు. పెద్దాయనకెట్లుంది?" అంది ఓనరమ్మ.

అంటే ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ తెలుసు.

"గిప్పుడే దవఖానకు తీస్కపోత అమ్మా. గీ ఇంట్ల ఏం కానియ్య."

ఆమె నా భుజం మీదుగా లోపలికి చూసి, మెట్ల మీద కూలబడింది. "నాకూ భయమే బిడ్డా, అబద్ధమెందుకు. కిరాయోళ్ల పానం పోతే ఇల్లు మూసెయ్యాలంటరు మావోళ్లు."

"మీకు కీడు రానియ్య. గల్లీలకు తీస్కపోత" అన్నాను.

"గల్లీలకా! నీ నోట్ల మన్నువడ!" అంటూ లేచింది. "కిందికి, మా ఇంట్లకు తే. గాడ కిరాయోళ్లెవ్వలు లేరు."

ఎదురింట్లో ఉండే ముస్లిం ఆటో అన్నను ఆమే కేకేసింది. "ఫికర్ చెయ్యకు అక్కా" అంటూ ఆయన బాపును చేతుల మీద ఎత్తుకున్నాడు. బాపు దారిలోనే పోతాడేమోనని ప్రతి మెట్టు దగ్గరా ఊపిరి చూసుకుంటూ దిగాను. హాల్లో తన భర్త ఒకప్పుడు పడుకున్న పాత పట్టెమంచం మీద ఓనరమ్మ ఉతికిన దుప్పటి పరిచింది.

బాపు కళ్లు తెరిచాడు. పైన ఎరగని ఫ్యాను, గోడలకు ఎరగని ఫొటోలు. బెదిరిపోయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దగ్గు వస్తుంటే పెదాలు బిగించి ఆపుకున్నాడు.

"గిదెవలిల్లు బిడ్డా?"

ఆయన ఛాతీ నిమురుతూ ఓనరమ్మ వైపు చూశాను.

"మనిల్లే బాపు" అంది ఓనరమ్మ. "దగ్గు. ఆపుకోకు, దగ్గు."