మాబు సాహెబ్ ఎత్తిన పీరు

మాబు సాహెబ్ దూది ఏకితే ఆ పరుపు పదేళ్లు అణిగేది కాదు. పెదకాకాని చుట్టుపక్కల ఆయన దూదేకే విల్లు మోగని పెళ్లిల్లు లేదు. అలాంటి మనిషికి యాభయ్యో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. తర్వాత అడుగులు పొట్టివయ్యాయి. గడప దగ్గరికొస్తే కాలు లేచేది కాదు. కూతురు మదార్‌బీ వెనక నుంచి నడుం పట్టి నెడితేనే కదిలేవాడు.

మదార్‌బీ మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. తండ్రి వదిలేసిన విల్లు తనే పట్టింది. ఆయన్ని గుంటూరు తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "నరాల జబ్బమ్మా. తగ్గేది కాదు. మెల్లమెల్లగా ఒళ్లంతా బిగుసుకుపోతుంది."

ఈ మాట ఆమె ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా పీర్ల పండక్కి పెద్దపీరు ఎత్తేది మాబు సాహెబే. పందొమ్మిదొందల యాభై ఆరులో పీరెత్తినప్పుడు చెయ్యి వణికి దానికి వేలాడే వెండిరేకులు గలగల్లాడాయి. "పీరు ఒంటిమీదికొచ్చింది!" అన్నాడు మోతుబరి పేరయ్య. ఆ వారమే వాన కురిసింది. ఇంకేముంది, ఊరు ఊరంతా నమ్మేసింది. "ఒరేయ్ మాబూ" అన్న నోళ్లే "సాహెబుగారండీ" అనసాగాయి. ఆ వణికే చెయ్యి తలమీద పెట్టించుకోవడానికి పసిబిడ్డల్ని చంకనేసుకొచ్చేవాళ్లు. ఆ మర్యాద చూసి మదార్‌బీకి కడుపు నిండేది. అబద్ధమని తెలిసీ ఊరుకుంది. ఆమె చేసిన తప్పు అదే.

యాభై ఎనిమిదిలో వాన మొహం చాటేసింది. మిరపనారు మళ్లలోనే మాడిపోతోంది. పేరయ్య ఇంటికొచ్చి, "ఈ ఏడు సాహెబుగారు పీరెత్తుకుని గుండం తొక్కాల్సిందే" అన్నాడు. అంతవరకూ మాబు సాహెబ్ గుండం చుట్టూ తిరిగేవాడే గాని నిప్పుల్లో దిగలేదు.

పేరయ్య అటు వెళ్లగానే మదార్‌బీ తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది. "గడపే దాటలేవు, నిప్పులు దాటతావా నాయనా? నేను పోయి జబ్బు సంగతి చెప్పేస్తా."

"చెప్పావంటే నామీద ఒట్టే. ఇదొక్కటన్నా నా చేతిలో ఉండనీ."

ఒట్టు దాటే ధైర్యం ఆమెకు లేకపోయింది.

పండగనాడు పొద్దు వాలుతుండగా మాబు సాహెబ్ పీరుతో గుండంలో దిగాడు. మూడడుగులు గబగబా వేశాడు. నాలుగో అడుగు లేవలేదు. నిప్పుల నడుమ కొయ్యబారి నిలబడిపోయాడు. డప్పులు జోరెక్కాయి. "నిలిచాడయ్యా, స్వామి నిలిచాడు!" అని పేరయ్య చేతులు జోడించాడు. ఆ జబ్బుకి మొహం కూడా బిగుసుకుపోతుంది, అందులో బాధ కనిపించదు. కళ్ల వెంట మాత్రం నీళ్లు కారుతున్నాయి. అవి చూసింది మదార్‌బీ ఒక్కతే.

"ఆయనకి జబ్బు! కదల్లేడు! లాగండ్రా!" అని గొంతు చించుకుంది. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. తనే నిప్పుల్లోకి దూకి వెనక నుంచి నెట్టింది. ఇద్దరూ అవతల పడ్డారు. పీరు నేలపాలైంది.

ఆడది గుండంలో దిగి పీరుని పడగొట్టిందని ఊరు ఆమె మీద విరుచుకుపడింది. జబ్బు సంగతి ఇప్పుడు చెబితే నమ్మేదెవరు? వాన రాకపోవడం కూడా ఆమె నెత్తినే రుద్దారు. పరుపులకి వేరే ఊరు పోవడం మొదలెట్టారు. మాబు సాహెబ్ అరికాళ్లు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మానాయి గాని ఆయన మళ్లీ లేచి నిలబడలేదు.

ఒకరోజు జొన్నసంకటి కలిపి తినిపిస్తూ మదార్‌బీ అడిగేసింది. "నిజంగానే పీరొచ్చిందనుకున్నావా నాయనా?"

ఆయన గొంతు అప్పటికే పీలగా అయిపోయింది. నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సొచ్చింది. "లేదే. డాక్టరు చెప్పింది నేనూ విన్నాగా."

"మరెందుకు దిగావు?"

"మంచాన పడి నీచేత కడిగించుకోడం కన్నా, అక్కడే అయిపోతే మేలనుకున్నా. సాహెబుగారు పోయాడనేవాళ్లు. నువ్వు నెట్టేశావు."

మదార్‌బీ గిన్నె కింద పెట్టి భోరున ఏడ్చింది. "తప్పు చేశానా నాయనా?"

మాబు సాహెబ్ ఆకలికి నోరు తెరిచాడు. ఆమె చెయ్యి తుడుచుకుని ముద్ద పెట్టింది. ఆ తర్వాత ఆయన ఇంకా ఎనిమిదేళ్లు బతికాడు.