గోలా ఇంక పైనే ఉన్నది

మేం ఆ సరిహద్దు పోస్టుకు చేరేసరికి మంచు కురుస్తోంది. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. రాళ్లు, ఇసుక బస్తాలతో కట్టిన రెండు బంకర్లు. నాది బాన్సువాడ. మోర్టార్ నా బాధ్యత. వైర్‌లెస్ చూసే గోపాల్‌ది పిట్లం దగ్గర తండా. అంత దూరంలో మన మాట మాట్లాడే మనిషి దొరికాడని ఇద్దరం ఒకే మూలన పడకలు వేసుకున్నాం.

మోర్టార్ గుండును అక్కడ గోలా అంటారు. అది తుపాకీ గుండులా తిన్నగా పోదు. పైకి లేస్తుంది. నేల దాన్ని మొదటి నుంచీ కిందికి లాగుతూనే ఉంటుంది కాబట్టి ఎక్కేకొద్దీ వేగం తగ్గుతుంది. కొస దాటాక మళ్లీ వేగం పుంజుకుని దిగుతుంది. అవతలి కొండ మీద శత్రువు గోలా వదిలిన ధబ్ శబ్దం వినిపిస్తే, అది పడేలోపు మాకు ఇరవై సెకన్ల దాకా ఉండేవి. బంకర్‌లో దూరడానికి అవి చాలు.

"పైన ఆగుతదా అన్నా?" అని ఒకసారి గోపాల్ అడిగాడు.

"ఎక్కుడు ఆగుతది. ముందుకు పోవుడు ఆగదు."

"మన మీద పడేదాక, ఇగ," అని నవ్వాడు.

జనవరిలో ఒక ఉదయం గాలికి యాంటెన్నా తీగ తెగింది. ముందరి పోస్టులో ముగ్గురు జవాన్లున్నారు. వాళ్లను వెనక్కి పిలవమని కింది నుంచి ఫోన్‌లో ఉత్తర్వు వచ్చింది. చెప్పే దారి లేదు. గోపాల్ బయటికి వెళ్లి తీగ కలుపుతున్నాడు. అప్పుడే అవతల ధబ్‌మంది.

"గోపాల్, లోపలికి ఉరుకు!"

"గోలా ఇంక పైనే ఉన్నదన్నా. గీ ముడి పడనీ."

సెట్టు గరగరలాడింది. "వినిపిస్తోంది, చెప్పండి," అంది ముందరి పోస్టు గొంతు.

"వెంటనే వెనక్కి రండి," అన్నాను. అంతలోనే బంకర్ అదిరింది.

ఆ ముగ్గురూ ప్రాణాలతో వచ్చారు. గోపాల్‌ను కిందికి మోసింది వాళ్లే.

గోపాల్ ఉన్న పెట్టెకు తోడుగా నన్ను ఊరికి పంపారు. పిట్లం దాటి తండాలోకి మలుపు తిరిగాం. అక్కడి నుంచి గోపాల్ తల్లి, నేను బండి పక్కనే నడుస్తున్నాం. ఒక మిద్దె మీది నుంచి ఎవరో దోసిళ్లతో ఏవో పైకి విసిరారు. ఎండకు ఎదురుగా నల్లగా కనిపించాయి. ఆమెను నేల మీదికి లాగి, పైన పడి కప్పేశాను.

జనం బిత్తరపోయారు. ఆమె పెనుగులాడలేదు. మట్టిలో అలాగే పడి ఉండి, నా వీపు మీద రాలినవాటిని చేత్తో తడిమి తీసింది.

"పూలు బిడ్డా," అంది మెల్లగా. "గివి పూలే. భయపడకు."

సర్వీసు ముగించుకుని ఇప్పుడు బాన్సువాడలోనే ఉంటున్నాను. మట్టి అంటిన ఆ చెయ్యి, అందులో నలిగిన బంతిపువ్వు నా కళ్ల ముందు నుంచి పోవు.