గొంతు తగ్గించి పాడిన ఉపదేశి

మా శౌరయ్య మాస్టారు ఇక లేరు. శుక్రవారం జపానికి రాలేదేమని గదికి వెళ్లిన మాకు ఆయన నిర్జీవ దేహం కనిపించింది. గుండెపోటన్నారు. రియాద్‌లోని మా తెలుగు కతోలికులకు పెద్దదిక్కయిన ఆ విద్వాంసుడి హఠాన్మరణ వార్త రాయడానికి చెయ్యి రావడం లేదు.

గుంటూరు జిల్లాలో చరిత్ర అధ్యాపకులుగా ఉండి, పిల్లల చదువుల కోసం ఇక్కడికొచ్చి ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. పగలంతా ఇన్వాయిస్‌లు, సాయంత్రమైతే పంతొమ్మిదో శతాబ్దం. గురువులు, అంటే ఫాదర్లు, అరుదైన ఆ కాలంలో తెలుగు పల్లెల్లో జపాలు నేర్పి విశ్వాసాన్ని నిలిపిన గృహస్థ ఉపదేశుల చరిత్ర రాయడమే ఆయన జీవితాశయం. "సాములోరు ఎప్పుడో ఒకసారి బండి కట్టించుకుని వచ్చేవోరంట. మిగతా రోజులు ఎవరు నడిపారయ్యా? సేద్యగాళ్లే గదా!" అనేవారు.

ఇక్కడ గుడీ లేదు, గురువూ లేడు, పదిమంది చేరి జపం చేసుకునే అనుమతీ లేదు. ఆ ఉపదేశుల్లాగే నర్సులను, డ్రైవర్లను, ఏసీ మెకానిక్‌లను పోగుచేసి మా ఫ్లాటులో శుక్రవారం జపం మొదలుపెట్టారు. పాటకు ముందు మా ఆవిడ వాషింగ్ మెషిన్ వేసేది, పక్కింటికి వినపడకుండా. మెషిన్ ఆగితే పాట కూడా ఆగాలన్నది మాస్టారి నియమం. ఉతికిన దుప్పట్లనే మళ్లీ ఉతికేవాళ్లం. "మీ దుప్పట్లంత పుణ్యాత్ములు ఈ రియాద్‌లోనే లేరమ్మా" అని ఆమెను ఆటపట్టించేవారు.

కూతురి పెళ్లికి ఊరెళ్లినప్పుడు గుడంతా ఎలుగెత్తి పాడుతుంటే ఈయన పెదవులు మాత్రమే కదిపారట. "నోరు పెగల్లేదయ్యా. మెషిన్ ఎక్కడా అని చూశాను" అని చెప్పి, నవ్వబోయి నవ్వలేకపోయారు.

తర్వాత కంపెనీ మూతపడింది. వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, ఫోనెత్తలేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు తీరింది, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ అనుమతి రాలేదు. ఆయన గ్రంథంలో చివరి అధ్యాయం మిగిలింది. అది రాయాలంటే ఊరికెళ్లి గుడిలోని పాత జ్ఞానస్నాన పుస్తకాలు చూడాలి. "ఆ ఉపదేశులకేమో గురువు రాక ఇబ్బంది, నాకేమో పోయే దారి లేక ఇబ్బంది" అనేవారు. తనిఖీలకు జడిసి బయటికి రావడం మానేశారు. శుక్రవారం మా ఇంటికి మాత్రం సందుల వెంట వచ్చేవారు. అంతటి పండితుణ్ణి అలా నక్కి నడిచేలా చేసిన వాళ్ల మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు మార్చురీలో ఉన్న ఆయన దేహానికి కూడా ఆ ఎగ్జిటే కావాలట.

ఆయన పోయాక వచ్చిన శుక్రవారం అందరం చేరాం. ఆయన నేర్పిన మృతుల జపం నేను చదివాను. ఆయనకు ప్రియమైన కీర్తన రెండో చరణంలో ఉండగా మెషిన్ ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే అందరం ఆగిపోయాం. మళ్లీ వేద్దామని లేచిన మా ఆవిడ, మెషిన్ పక్కనే కూలబడి ఏడ్చింది. పాట సగంలోనే ఉండిపోయింది.

మాస్టారూ, మీ పాండిత్యానికీ మీ ధైర్యానికీ చేతులెత్తి మొక్కుతున్నాం. మీ చోటు మాలో ఎవరితోనూ నిండదు. మిగిలిన చరణాలు మీ ఊరి గుడిలో, మీ పెట్టె పక్కన నిలబడి గొంతెత్తి పాడమని మీ అమ్మాయికి కబురు పెట్టాం. ఆమె రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. ఎగ్జిట్ ఇంకా రాలేదు.