ఇరమయ్య కుట్టిన ఎర

మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. నిన్న తాగిన అంబలి తప్ప నా కడుపులో ఏమీ లేదు. అది 1926 వేసవి. చింతూరు దగ్గర శబరి నది ఒడ్డున కలప కొట్టే మాకు బియ్యం బండి రాలేదు. గుప్పెడు పరిగె చేపలు మాత్రం మిగిలాయి.

వాటిలోంచి కోయ ముసలాయన ఇరమయ్య ఎర ఏరుతుంటే మాతో కలప కొట్టే సింహాచలానికి ఒళ్లు మండింది.

"కూరకొచ్చే సేపల్ని నీళ్లపాలు సేత్తన్నావేటి తాతా?"

"నాకొక్కటి చాలు. మిగతావి నువ్వే మింగు, ముళ్లతో సహా."

పొట్ట మెత్తబడినవాటిని ఆయన పక్కన పెట్టాడు. మెరుపు తగ్గని గట్టి చేపను తీసుకుని, వెదురు పుల్లతో వెన్నుముల్లు లాగి, చర్మం బిగుసుకునేలా ఉప్పు పట్టించాడు. లోపల గాలం దాచి, నోరు నారతో కుట్టేశాడు.

"నోరు తెరిచుంటే నీళ్లు తాగి గిరగిరా తిరుగుద్ది. అట్టా తిరిగేదాన్ని వాలుగ చేప నమ్మదు."

నది మడుగులో ఇరమయ్య దోనె మెల్లగా నడిపాం. వెనక తాడుకు కట్టిన ఆ చేప బతికున్నట్టే ఈదింది. పొద్దు వాలేలోపు నా చేయికన్నా పొడవైన వాలుగ పడింది. తలకాయ ముక్క సింహాచలమే తీసి తాతకు పెట్టాడు.

తొలకరి దాకా మాకు పస్తు లేదు. కొత్తనీరొచ్చి శబరి ఎర్రబడ్డ రోజు, ఆ బురదలో వాలుగకు ఎర కనబడదు గనక, ఇక తనతో పని లేదనుకున్నాడేమో, ఇరమయ్య ఎవరికీ చెప్పకుండా దోనె ఎక్కి వెళ్లిపోయాడు.