తుపాకుల గుమాస్తా మా బావ

మా బావకి ఒకటే జబ్బు. ఎవరేం అడిగినా చెప్పడు.

తుపాకుల లైసెన్సుల ఆఫీసులో గుమాస్తా ఆయన. ఎవరి దగ్గర తుపాకీ ఉంది, ఎవరు తిరిగి అప్పగించేశారు అన్నది ఊళ్ళో ఆయనకే తెలుసు. సాయంత్రం ఆ కాగితాల బీరువాకి తాళం వేసి, అదే చేత్తో నోటికీ వేసుకుని ఇంటికొచ్చేవాడు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అనేది మా అక్క.

"ఎందుకడుగుతున్నావ్?" అనేవాడు.

ఆయన తాగిన మంచినీళ్ళని బట్టి అక్కే ఉప్పు సంగతి తేల్చుకునేది. బస్సులో ఎక్కడికని అడుగుతారేమోనని ముందే చివరి స్టాపుకి టికెట్టు తీసుకుని మధ్యలో దిగిపోయేవాడు. నొప్పెక్కడని డాక్టరు అడిగితే ముందు తలుపు వేయించేవాడు. పుస్తకంలోంచి తల ఎత్తని నాలాంటివాడికే ఆయనతో విసుగొచ్చేదంటే, ఇక మా అక్క ఓపిక ఎంతటిదో ఆలోచించండి.

ఒకసారి మా వీధిలో ఓ పిల్లాడు తండ్రి తుపాకీతో ఇంటి పైకప్పులోకి పేల్చాడు. ఎవరికీ ఏం కాలేదు గానీ, తుపాకులున్నవాళ్ళ పేర్లు గోడకి అంటించాలని స్కూల్లో మీటింగు పెట్టారు.

"మా పిల్ల ఆడుకోడానికి వెళ్ళే ఇంట్లో ఏముందో నాకు తెలియొద్దా?" అంది టీచరమ్మ.

"నా పేరు గోడకెక్కిస్తే దొంగ ముందు తుపాకీ పట్టుకుపోయి, తర్వాత నగలకి తీరిగ్గా వస్తాడమ్మా," అన్నాడు నగల కొట్టాయన.

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఎంతకీ తెమల్లేదు. అందరికంటే గట్టిగా అరిచింది మాత్రం వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ మరిది. బ్యాంకుకి కాపలా కాసే వాళ్ళన్న పోయినప్పటినుంచీ వదినని ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టాలని చూస్తున్నాడు. ఒకసారి తలుపు విరగ్గొట్టబోతే లోపల్నుంచి ఆవిడ, "మీ అన్న తుపాకీ ఇక్కడే ఉంది," అందిట. ఆ తర్వాత అతను గేటు దాటి లోపలికి రాలేదు.

"మా వదిన పేరు అందులో ఉందో లేదో తేలాలి," అన్నాడు.

అప్పుడు లేచాడు మా బావ. అంతమందిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఉన్నవాళ్ళ పేర్లు అంటిస్తే లేనివాళ్ళ పేర్లు కూడా అంటించినట్టే. తుపాకులు తాళంలో ఉన్నాయో లేదో నేనే ఇల్లిల్లూ తిరిగి చూస్తాను. అన్ని ఇళ్ళూ." కూర్చుని చెమట తుడుచుకున్నాడు. అరిచే ఓపిక ఎవరికీ మిగల్లేదేమో, టీచరమ్మతో సహా సరేనన్నారు.

ఆయన అన్నంత పనీ చేశాడు. కూరగాయల కత్తికి మించి ఏమీ లేని ఇళ్ళలో కూడా తలుపేయించి అరగంటేసి కూర్చున్నాడు. రోజూ కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు సొంత ఇంటి తలుపే తట్టాడు.

"ఏం చూడ్డానికొచ్చారు?" అంది అక్క.

"అది చెప్పకూడదు," అని లోపలికొచ్చి అరగంట కూర్చున్నాడు.

కుట్టుపని ఆవిడ ఇంట్లోంచి బయటికొచ్చేసరికి మరిది గేటు దగ్గర కాపు కాస్తున్నాడు.

"ఉందా?"

"ఎందుకడుగుతున్నారు?" అన్నాడు బావ. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఎప్పుడన్నా రావలసొస్తే గేటు దగ్గరే నిలబడి పిలవండి," అన్నాడు. ఆ మరిది తర్వాత ఆ వీధి మొహం చూడలేదు.

చాన్నాళ్ళకి, ఆ మరిదీ పోయాక, ఆవిడ మా అక్క దగ్గర నవ్వుతూ బయటపెట్టింది. భర్త పోయిన వారంలోనే తుపాకీ అప్పగించేసిందట, మా బావ బల్ల మీదే.

"మరి ఆ అరగంటా ఏం చేశారు?" అని అక్క అడిగింది.

"కుర్చీలో నిద్రపోయారు పాపం, అలిసిపోయి. అదే సందని చొక్కా కొలతలు తీసుకున్నాను. అడిగితే చెప్పరుగా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన వెలిసిపోయిన నీలం చొక్కా మొదటిసారి పరీక్షగా చూశాను.

"ఈ చొక్కా బాగా కుదిరింది బావా. ఎవరు కుట్టారు?"

"ఎందుకడుగుతున్నావ్?" అని మంచినీళ్ళు అందుకున్నాడు. అది మూడో గ్లాసు. అక్క ఉప్పు డబ్బా చప్పుడు కాకుండా పక్కకి జరిపింది.