బీమారిని వెంటబెట్టుకొని మాదాపూర్‌కి

ఈమధ్య మా బస్తీలో ఎవరిని కదిపినా మాదాపూర్‌లో లేచిన గుండ్రటి అద్దాల బిల్డింగ్ మాటే. ఆదివారం వస్తే పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో వెళ్ళి, దాని ముందు నిలబడి ఫొటో దిగి వస్తున్నారు. నేనూ వెళ్ళొచ్చాను. కాకపోతే నేను వెళ్ళింది పని కోసం, వెంట వచ్చింది నా కడుపు. నాలాంటి కడుపున్నవాళ్ళు ఎవరైనా ఆ దారిన వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి, రాతలో తప్పులుంటే మీరే సర్దుకోండి.

నేను ముషీరాబాద్‌లో ఫంక్షన్ల వంటమాస్టర్ని. పేరు మల్లేశ్. కొన్నేళ్ళ కిందట పెద్దపేగులో పుండ్లు పడ్డాయి. రక్తం పోయింది, ఒళ్ళు సగమైంది, రెండుసార్లు దవాఖానలో పడుకున్నాను. ఇది పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో ఉంచుకోవాలి అన్నాడు డాక్టర్. ఆ అదుపు ఎప్పుడు తప్పుతుందో మాత్రం ఆయనా చెప్పలేడు. ఒక పెళ్ళివంట ముగించి నిండు బస్సులో వస్తుంటే తప్పింది. నారాయణగూడలో నేను దిగిన తీరు, నా వెనక జనం ముక్కులు మూసుకున్న తీరు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. అప్పటినుంచి బస్సెక్కలేదు, గరిటె పట్టలేదు. వేళాకోళం ఒక్కటే మిగిలింది. ఎవరైనా వచ్చి "పానం ఎట్లుందే?" అంటే, "ఇప్పుడే బయటికి పోయింది, కూసో, వస్తది" అనేవాణ్ణి. నవ్వితే ఇంకో ప్రశ్న అడగరు కదా.

అలాంటి రోజుల్లో కాంట్రాక్టర్ వెంకట్‌రెడ్డి కబురు పంపాడు. ఆయన బిడ్డ పెళ్ళికి వండింది నేనే. మాదాపూర్‌లో పెద్ద బిల్డింగ్ కడుతున్నాడట, సైటు మీద పనివాళ్ళకు వండే మనిషి కావాలట. గురువారం మధ్యాహ్నానికల్లా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడట. గురువారం పొద్దున నేను బయల్దేరుతుంటే మా ఆవిడ సుగుణ కూడా చెప్పులు వేసుకొని తయారైంది.

"నేన్గూడ వస్త."

"నువ్వొస్తే ఆయనకు వంటమాస్టర్ కనిపియ్యడు, పేషెంట్ కనిపిస్తడు."

"మరి దారిల ఏమన్నైతే?"

"అయిందని చెప్త."

"నువ్వు? నీ నోట్లకెల్లి సీదా మాట ఎన్నడన్న వచ్చిందా?" అంటూనే పెరుగన్నం డబ్బా, ఒక పాత ప్యాంటు సంచిలో పెట్టి చంకకు తగిలించింది.

ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాను. బయట షాపుల పేర్లు ఏవీ చదవలేదు. నా కళ్ళు వెతికింది ఒక్కటే: ఇక్కడ దిగితే ఎక్కడికి పరిగెత్తాలి? పెట్రోల్ బంకు, మసీదు, సినిమా హాలు, హోటల్. అమీర్‌పేటలో కడుపు కదిలినట్టయి దూకేశాను. తీరా ఇరానీ హోటల్‌లోకి వెళ్తే ఏమీ లేదు, ఉత్త బెదిరింపు. ఊరికే వచ్చి పోతే బాగుండదని చాయ్ తాగాను, మూడు రూపాయలు. మళ్ళీ బస్సు, మళ్ళీ తలుపు. మాదాపూర్ వైపు బస్సులు తక్కువ కాబట్టి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి, ముప్ఫై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను.

చెక్‌పోస్టు దాటి కాస్త పోయాక ఊరు అయిపోతుంది. రాళ్ళు, మళ్ళీ రాళ్ళు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు, అక్కడక్కడా సగం లేచిన గోడలు. చెట్టన్నది లేదు. నేను అటూ ఇటూ జరుగుతుంటే ఆటోవాలా అద్దంలో చూశాడు.

"ఏంది కాకా, సీట్ల ముండ్లున్నయా?"

"లేవు తమ్మీ. ఆ గుండ్రం బిల్డింగ్ కొందామని పోతున్న, బేరం కుదురతదో లేదోనని పరేషాన్."

"కొంటే నాకో రూమ్ కిరాయికియ్యి. ఆటో పెట్టుకుంట."

వాడి మాటకు నవ్వబోయి ఆగిపోయాను. ఈసారి ఉత్త బెదిరింపు కాదు. "ఆపు, ఆపు!" అన్నాను.

వాడికి అర్థమైంది. "గా గుండు ఎన్కకు పో. ఎవరు చూస్తరు?"

రోడ్డు పక్కనున్న ఆ పెద్ద రాతిగుండు వెనక్కి తొంగిచూస్తే నలుగురు ఆడవాళ్ళు కంకర ఎత్తుతున్నారు. నన్ను చూసి ఒకామె చీర కొంగు సర్దుకుంది. నేను వెనక్కి తిరిగాను. ఇంటికి పొమ్మందామని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు వెనక్కి పోతే ఇక మా గల్లీ దాటనని నాకు తెలుసు.

"దగ్గర్ల ఇండ్లేమన్న ఉన్నయా?"

"ముంగట ఆంధ్రోల్ల మెస్ ఉంది. కంప్యూటర్ పోరగాండ్లు తింటరు."

అది మామూలు ఇల్లే. వరండాలో బల్లలు వేశారు. ఏడెనిమిది మంది కుర్రాళ్ళు ఆలస్యంగా టిఫిన్ తింటున్నారు. లోపల గ్రైండర్ మోత. గళ్ళ లుంగీలో ఉన్న ఓనరు గేటు దగ్గరకు వచ్చాడు. ఆయన పేరు సుబ్బరాజు గారని తర్వాత తెలిసింది, భీమవరం వైపు మనిషి.

"అన్నా, నాకు బీమారి ఉన్నది. జర లోపటికి..." అన్నాను, గొంతు తగ్గించి.

గ్రైండర్ మోతలో ఆయనకు సగమే వినిపించింది. నా చంకలో సంచి చూశాడు, గేటు గడియ మీద చేయి వేశాడు.

"బీమానా? వద్దండి బాబూ. పొద్దున్నే ఒకాయనొచ్చి బుర్ర తినేసి వెళ్ళాడు. మా కుర్రాళ్ళ జోలికి రాకండి."

"బీమా కాదన్నా, బీమారి!"

"ఏ కంపెనీదైనా ఒకటేనండి. అసలే జీతాలు తక్కువ వాళ్ళకి."

ఇంకో రోజైతే ఈ దొరికిన వేషాన్ని వదిలేవాణ్ణి కాదు. పాలసీ అమ్మి, సంతకం పెట్టించి, ఫిల్టర్ కాఫీ కూడా తాగి వచ్చేవాణ్ణి. ఆ పూట వేషానికి టైమ్ లేదు. గేటు రెండు చేతులతో పట్టుకొని, గ్రైండర్‌ను మించి అరిచాను.

"అన్నా! నా పేగుల్ల పుండ్లున్నయి! ఇప్పుడే లెట్రిన్‌కు పోవాలె! లేకుంటే నీ గేటు కాడనే అయితది!"

సరిగ్గా అప్పుడే లోపల ఎవరో గ్రైండర్ కట్టేశారు. వరండాలో ఇడ్లీలు గాల్లోనే ఆగిపోయాయి. సుబ్బరాజు గారు గడియ తీసి, నా రెక్క పట్టుకొని, పెరట్లోకి దాదాపు పరుగెత్తించారు. నీళ్ళ బకెట్ తనే మోసుకొచ్చి తలుపు దగ్గర పెట్టారు.

మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కున్నాను. అందరి ముఖాలూ ఎలా చూడాలా అనుకుంటూ వరండాలోకి వచ్చాను. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఒక కుర్రాడు జరిగి చోటిచ్చాడు. సుబ్బరాజు గారు పల్చటి మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఆయనకు నవ్వు ఆగడం లేదు.

"ఏమనుకోకండి. మా వైపు ఒంట్లో బాలేదంటామండి. ఇంతకీ ఈ పాలసీ ఎప్పుడు తీసుకున్నారు?"

నాకూ నవ్వొచ్చింది. "నేను తీసుకోలే అన్నా, అదే నన్ను తీసుకుంది. మందుల రూపంల నెలనెలా కడుతున్న."

"మెచ్యూరిటీ ఎప్పుడండి?"

"బతికినన్ని రోజులు కట్టాలంట."

"అబ్బో! మరి బోనస్ ఏమన్నా ఇచ్చారా?"

గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టాను. నన్ను వేళాకోళంలో ఆపినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. మజ్జిగ మొత్తం తాగాక అన్నాను, "ఇయ్యాలనే ఇచ్చిండ్రనిపిస్తుందన్నా."

మజ్జిగకు ఆయన డబ్బులు తీసుకోలేదు. ఆటోవాలా కూడా గేటు బయట అలాగే ఉన్నాడు, వెయిటింగ్‌కు పది రూపాయలు ఎక్కువ ఇమ్మన్నాడు, ఇచ్చాను. పదకొండు దాటుతుండగా సైటు చేరాను. చూస్తే గుండు వెనక కనిపించిన ఆడవాళ్ళు ఎత్తుతున్న కంకర ఆ సైటుకే, ట్రాక్టర్‌లో వాళ్ళూ వచ్చి దిగారు. వెంకట్‌రెడ్డి రేకుల షెడ్డు చూపించాడు. పొయ్యిలు, గిన్నెలు, నీళ్ళ డ్రమ్ము అన్నీ ఉన్నాయి.

"లెట్రిన్ ఏది పటేలా?" అన్నాను.

"ఇంత జాగా ఉండంగ లెట్రినెందుకు? నీ మస్కిరీలు ఇంక పోలేదా మల్లేశ్?"

"మస్కిరీ కాదు. నాకు పేగుల బీమారి ఉంది, ఒక్కోసారి నిమిషం గూడ ఆగదు. వంట మునుపటి లెక్కనే చేస్త. కని ముందు లెట్రిన్ కట్టియ్యి, తర్వాత పొయ్యి ముట్టిస్త."

ఆయన ముఖం ముడుచుకుంది. వంటవాడు షరతులు పెట్టడం ఆయన చూసి ఉండడు. పోయిందిరా పని అనుకున్నాను. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. అంతలో తట్ట దించుతున్న ఒకామె, పాలమూరు మనిషి, మా మాటలన్నీ విన్నట్టుంది, అక్కడినుంచే అంది:

"ఒక్కటి గాదన్నా, రెండు చెప్పు. ఆడోల్లకొకటి. చీకటి పడేదాంక బిగబట్టుకోని సస్తున్నం."

మిగతా ముగ్గురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. వాళ్ళది సిగ్గు నవ్వు. దాని వెనక ఏముందో నాకు తెలుసు, నేనూ అలా నవ్వినవాణ్ణే.

"రెండు పటేలా," అన్నాను.

వెంకట్‌రెడ్డి నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు, తల గోక్కున్నాడు. "ఓ మేస్త్రీ! ఆ ఆఫీసు గోడ ఆపి గిటు రా," అని కేకేశాడు.

పుండ్లు మానలేదు, మానవు. పోయిన ఒంటికి, పోయిన పనికి ఇది బదులు అని నేను అనను. ఆ బీమారి నాకు రాకపోయి ఉంటేనే బాగుండేది. కానీ మంచిగున్న రోజుల్లో అలాంటి సైట్లలో ఎన్ని భూమిపూజలకో వంట చేశాను, ఒక్కనాడూ ఆ ఆడవాళ్ళు ఎక్కడికి పోతారో ఆలోచించలేదు. ఇప్పుడు ఏ జాగాకి పోయినా ముందు అదే కనిపిస్తుంది. వచ్చేటప్పుడు బస్సులో తలుపు దగ్గరే నిలబడ్డాను, ఆ అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది. పంజాగుట్ట దాటాక మాత్రం కాళ్ళు నొప్పిపుట్టి కాసేపు కూర్చున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: చెక్‌పోస్టు దగ్గర పెట్రోల్ బంకులో పని ముగించుకొని, సీసాలో నీళ్ళు నింపుకొని అప్పుడు ఆటో ఎక్కండి, ఎందుకంటే అక్కడినుంచి మాదాపూర్ దాకా రాళ్ళు, సుబ్బరాజు గారి గేటు తప్ప ఏమీ దొరకవు.